మైకు లేని గది

చనిపోయిన మనిషిని పెళ్ళి విందులో మైకు పట్టుకుని దీవెనకు పిలిచిన అసబాని నేనే. మా ఊరు తల్దికోర్గాన్‌లో ఇప్పటికీ ఆ సంగతి చెప్పుకుని నవ్వుకుంటారు. చెప్పేవాళ్ళలో సగం మందికి నా పేరు తెలియదు. కెంజెతాయ్ నా పేరు.

పెళ్ళి విందులో మాట నడిపేవాడు అసబా. ముందు ఎవరు దీవించాలి, తర్వాత ఎవరు, ఏ ముసలాయన మైకు అందితే వదలడు, వియ్యాలవారి మధ్య మాట ఎక్కడ చెడేట్టుంది, ఏ హాస్యంతో దాన్ని దారి మళ్ళించాలి, ఇవన్నీ వాడి పనే. ఇరవై రెండేళ్ళు ఆ పని చేశాను. ఒక్కో దీవెనకి ఒక గ్లాసు ఎత్తాలి. విందుకి పాతిక ముప్ఫై దీవెనలుంటాయి. "నోరు తడవనిదే మాట పండదురా" అనేవాడు నాకు పని నేర్పిన పెద్దాయన. ఆయన కాలేయం చెడి పోయాడు. ఆ ముక్క మాత్రం మేమెవరమూ ఆ సామెతకి కలుపుకోలేదు.

అది ఆగస్టు చివరివారం. ఆడపిల్లని అత్తవారింటికి సాగనంపే విందు. సాయంత్రం వెలుతురు ఇంకా పోలేదు, వేడి మాంసం పళ్ళేలు ఇంకా బల్లల మీదికి రాలేదు. పెళ్ళికూతురి తండ్రి జుమాష్ అంతకుముందు ఏడాది చనిపోయాడు. సంవత్సరీకం పెట్టాకే ఈ పెళ్ళి పెట్టుకున్నారు. ఆయన మట్టికి నేనూ వెళ్ళాను. మా అమ్మాయి తోగ్జాన్ నా విందులకి పాటలు పెట్టేది, దీవెనల వరస కూడా తనే రాసిచ్చేది. పదిహేడేళ్ళ పిల్ల, నాకంటే జాగ్రత్త. ఆ రోజు కాగితం మీద ఎర్ర సిరాతో రాసి రెండు గీతలు కొట్టింది: తండ్రి లేరు, పెదనాన్న దీవిస్తారు.

గొంతు బాగుండాలని నేను మధ్యాహ్నం నుంచే తాగుతున్నాను. కాగితం చూశాను. కళ్ళు చూశాయి గానీ నేను చూడలేదు.

"ఇప్పుడు వేదిక మీదికి రమ్మని కోరుతున్నాం," అన్నాను, గొంతు సవరించుకుని, "పెళ్ళికూతురి కన్నతండ్రి, మనందరి ఆప్తుడు, జుమాష్ గారిని. చప్పట్లు."

దూరంగా ఒకటో రెండో చప్పట్లు మొదలై ఆగిపోయాయి. తోగ్జాన్ పాట ఆపేసింది. పెళ్ళికూతురు తల దించుకునే ఉంది, ముసుగు అంచు ఒక్కటే కదులుతోంది. అప్పుడు మొదటి బల్ల దగ్గర ఆయన భార్య సలీమా లేచింది. తొందర పడకుండా నడిచి వచ్చి నా చేతిలోంచి మైకు తీసుకుంది.

"ఆయన రాలేరు," అంది. "నేను చెబుతాను."

నాలుగు మాటల్లో కూతుర్ని దీవించింది. మైకు మళ్ళీ నా చేతిలో పెట్టి, "కానివ్వు తమ్ముడూ" అంది. అంతే. తిట్టి ఉంటే నాకేదో ఒక జవాబు దొరికేది.

మర్నాడు పొద్దున నేను లేచేసరికి తోగ్జాన్ నా లాప్‌టాప్, చుట్టలు చుట్టిన వైర్లు, హాలు వాళ్ళ తాళంచెవి అన్నీ బల్ల మీద వరసగా పెట్టి ఉంచింది.

"ఇంకో మనిషిని చూసుకో నాన్నా."

"ఒక్కసారి పొరబాటు జరిగితే..."

"ఒక్కసారా?" దాని గొంతు పెరగలేదు. "జూన్‌లో పెళ్ళికొడుకు పేరు మూడుసార్లు తప్పు చెప్పావు. నేను పాట పెంచి కప్పేశాను. ఇంకో చోట ఆ తాతగారిని ఏదో అన్నావు, అప్పుడూ పెంచాను. నేను ఎన్నిసార్లు పాట పెంచానో నీకు తెలీదు. నిన్న ఏ పాట పెట్టాలో నాకు తోచలేదు."

నా భార్య రైహాన్ ఆ మాటలు వింటూ పొయ్యి దగ్గర నిలబడి ఉంది. తను రొట్టెల ఫ్యాక్టరీలో పని చేస్తుంది, తెల్లారేసరికి పనికి వెళ్ళి మధ్యాహ్నానికి వస్తుంది. ఆ రోజు వెళ్ళలేదు. నా పరుపు చుట్టి పెరట్లోకి మోసుకుపోయింది. మా వైపు ఇళ్ళన్నిటికీ పెరట్లో వేసవి వంటిల్లు ఒకటుంటుంది, ఎండాకాలం వంట అక్కడే. పరుపు అక్కడ పరిచి వచ్చింది.

"ఊరు నవ్వుతోందనా?" అన్నాను.

"ఊరికి రెండ్రోజులు. నాకు ఇరవయ్యేళ్ళు."

"ఏం చెయ్యమంటావో చెప్పు."

"నేనింకేం చెయ్యమనను. ఇన్నాళ్ళూ అదేగా చేశాను, చెయ్యమనడం."

పది రోజుల్లో సెప్టెంబరు విందుల్లో చాలావరకు చెయ్యి జారిపోయాయి. కొందరు ఫోన్ చేసి ఏదో సాకు చెప్పారు, కొందరు అదీ చెయ్యలేదు. నేను పెరటి వంటింట్లో కూర్చుని, వాళ్ళందరినీ తిట్టుకుంటూ తాగాను.

గొంతు బొంగురు పోతే పాలీక్లినిక్‌కి వెళ్ళాను. తాగుడు మాన్పించే ఆసుపత్రి ఊళ్ళో ఉంది గానీ అక్కడ పేరు రాయించుకుంటే సాయంత్రానికి బజారంతా తెలుస్తుంది. పాలీక్లినిక్ నడవాలో, టీకాల ప్రకటన పక్కన, చేత్తో రాసిన కాగితం ఒకటి అంటించి ఉంది. "తాగుడు మానాలనుకునేవాళ్ళం కలుసుకుంటాం. ఉచితం. ఇంటిపేరు అడగం." దాని కింది అంచు దువ్వెన పళ్ళలా కత్తిరించి, ఒక్కో ముక్క మీద ఫోన్ నంబరు రాశారు. ఒక్క ముక్కా ఎవరూ చించుకోలేదు. నేను టీకాల ప్రకటన మూడుసార్లు చదివాను. నడవాలో మనిషి అలికిడి లేదనుకున్నాక ఒక పన్ను చించి జేబులో పెట్టుకున్నాను.

రెండుసార్లు ఫోన్ చేసి పెట్టేశాను. మూడోసారి ఒక ముసలావిడ గొంతు ఎత్తుకుంది. "ఇందాకటి రెండూ కూడా మీరేనా?"

"నా స్నేహితుడి కోసమండీ."

"అలాగే. మీ స్నేహితుడికి చెప్పండి. మంగళవారం, శుక్రవారం, సాయంత్రం ఆరింటికి. కరతాల్ వంతెన దగ్గర పాత చదరంగం క్లబ్బు, మెట్ల పక్క గది. అతనికి దారి తెలియకపోతే మీరే తోడు తీసుకురండి."

మంగళవారం వెళ్ళాను. గుమ్మంలో కాపలా ముసలాయన, "ఎవరి కోసం?" అని అడిగాడు. నోరు తెరిస్తే "చదరంగానికి" అని వచ్చింది. ఆయనకి సంతోషమైంది, బల్ల పరిచాడు. పదిహేను ఎత్తుల్లో నన్ను కట్టేశాడు. గోడ అవతల ఎవరో ఏదో అన్నారు, నలుగురు నవ్వారు. అసబాకి పక్కగదిలో నవ్వు వినిపిస్తే కాలు నిలవదు. నాకు మాత్రం కాలు కదల్లేదు.

పావులు సర్దుకుంటూ ముసలాయన అన్నాడు: "శుక్రవారం సరాసరి అటే వెళ్ళు నాయనా. ఆడేందుకు వచ్చినవాడు గుర్రాన్ని అలా పట్టుకోడు."

శుక్రవారం వెళ్ళాను. ఏడెనిమిది కుర్చీలు, బల్ల మీద టీ ఫ్లాస్కు, గిన్నెలో బిస్కెట్లు. ఫోన్‌లో గొంతు లిదియా టీచరుది. బడిలో రసాయనశాస్త్రం చెప్పి రిటైరైంది, డెబ్బై దాటాయి, జుట్టు మగపిల్లాడిలా కత్తిరించుకుంది. ఆవిడ తాగుడు మాని పదహారేళ్ళయిందట. పక్కన సోఫియా, బజారులో ఊరబెట్టిన కారెట్, క్యాబేజీ అమ్మే కొరియా ఆవిడ. నేను ఆవిడ దగ్గర ఎన్నోసార్లు కొన్నాను, ఆ చేతులు వణకడం ఎప్పుడూ గమనించలేదు. మూల కుర్చీలో వెల్డింగు చేసే అమన్‌తాయ్.

"మీరు కెంజెతాయ్ అన్న కదూ?" అన్నాడతను. "నా పెళ్ళికి అసబా మీరే."

"మీ ఆవిడ బాగుందా?"

"బాగుంది. వేరే ఆయనతో. అందులో మీ తప్పేం లేదు."

అందరూ నవ్వారు. నాకు ఊపిరాడింది. నవ్వే జనం ఎదురుగా ఉంటే నాకు భయముండదు. నా వంతు వచ్చేసరికి లేచి నిలబడ్డాను. జుమాష్ సంగతే చెప్పాను. ఎలా చెప్పానంటే, చప్పట్లు కొట్టబోయి ఆగిన చేతుల్ని నటించి చూపించాను. పరుపుతో సహా పెరట్లోకి బహిష్కరించబడ్డ మొగుడి కథ చెప్పాను. సోఫియా కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. అమన్‌తాయ్ తొడ చరుచుకున్నాడు. ఇరవై నిమిషాలు చెప్పి కూర్చున్నాను, ఒంట్లో చెమట పట్టింది.

లిదియా టీచర్ నవ్వలేదు. "చాలా బాగా చెప్పారు," అంది. "మీరు విందులో మాట్లాడితే ఇంతకంటే బాగుంటుందేమో. ఇక్కడ మాత్రం వచ్చే నాలుగుసార్లు మీరు మాట్లాడకండి. వినండి."

"నా పని మాట్లాడటమే కదండీ."

"తెలుస్తూనే ఉంది."

ఇంటికి నడిచొస్తూ ఆవిడ మీద మండిపడ్డాను. పిల్లలకి ఆమ్లాలూ క్షారాలూ చెప్పుకునే మనిషి, నా నోరు మూయించడానికి ఎవరు? ఇంకెప్పుడూ ఆ గడప తొక్కకూడదనుకున్నాను. మంగళవారం ఆరయ్యేసరికి మళ్ళీ అక్కడే ఉన్నాను. ఎందుకో అప్పుడు తెలియలేదు. నాకు వెళ్ళడానికి వేరే చోటు లేదన్నది ఒక కారణం.

అలా పంతొమ్మిది రోజులు తాగలేదు. మొదటి వారం చెమటలు, వాంతులు, గోడల మీద ఏవో పాకుతున్నట్టు. లిదియా టీచర్ తనకి తెలిసిన డాక్టరుని పంపింది. ఆయన రెండుసార్లు వచ్చి సూది వేసి వెళ్ళాడు. తోగ్జాన్ సూప్ గిన్నె గడప మీద పెట్టి, తలుపు తట్టి, నేను తీసేలోపు వెళ్ళిపోయేది. అక్టోబరు వచ్చింది. చక్కెర దుంపల లారీలు వీధి వెంట పోతుంటే మలుపు దగ్గర దుంపలు రాలి పడేవి. పెరటి వంటింట్లో పొయ్యి పొగ గొట్టం పగిలి గదంతా పొగ చిమ్మేది. రైహాన్ పెరట్లో బట్టలు ఆరేస్తూ నావైపు చూసేది. ఆ చూపులో కోపం లేదు, ఆశ కూడా లేదు. బస్సు వస్తుందో రాదో తెలియక నిలబడ్డవాళ్ళు రోడ్డువైపు అలాగే చూస్తారు.

ఆ నెలలో ఒక్క విందు మాత్రం నన్ను వదల్లేదు. మా పెదనాన్న కొడుకు తన కొడుకు పెళ్ళికి ఏడాది ముందే నన్ను మాట్లాడుకున్నాడు. "ఊరు ఏమన్నా అనుకోనీ, నా తమ్ముడు ఉండగా పరాయివాడి చేతికి మైకు ఇవ్వను," అన్నాడు. రక్తసంబంధం, కాదనలేకపోయాను. లిదియా టీచరుకి చెబితే, "వెళ్ళకండి" అంది. ఇంకో మాట అనలేదు.

వెళ్ళాను. వోడ్కా గ్లాసులో నీళ్ళు పోసుకున్నాను. రెండు గంటలపాటు మాట బాగానే నడిచింది. నేను లేకుండానే నా నోరు పని చేస్తోందా అనిపించింది. అప్పుడు పెళ్ళికొడుకు మేనమామ, భారీ మనిషి, దీవించడానికి వచ్చి నా భుజం మీద చెయ్యి వేశాడు. నా గ్లాసు తీసుకుని వాసన చూశాడు.

"ఏంటిది తమ్ముడూ? మా పిల్లాడి పెళ్ళిని నీళ్ళపాలు చేద్దామనా?"

జనం నవ్వారు. మంచి మాట, నేనైనా అదే అనేవాణ్ణి. "ఒంట్లో బాలేదు అన్నా," అన్నాను, మైకు పక్కకి పెట్టి.

"ఒంట్లో బాలేనివాడు ఇంట్లో ఉండాలి. మా మీద గౌరవముంటే ఎత్తు. లేదంటే చెప్పు, మేమే దిగిపోతాం."

ఆయన స్వయంగా పోశాడు. మూడు వందల మంది చూస్తున్నారు, మా అన్న మొహం తెల్లబోయింది. తాగి, గ్లాసు తలకిందులు చేసి చూపించాను. చప్పట్లు కొట్టారు. ఆ రోజు నేను మాట్లాడినంత బాగా ఎప్పుడూ మాట్లాడలేదని తర్వాత చాలామంది చెప్పారు. నాకు ఒక్క మాటా గుర్తు లేదు.

ఆ తర్వాత నాలుగు రోజులు పెరటి వంటింటి తలుపు తీయలేదు. గడప మీద సూప్ గిన్నె కూడా రాలేదు. నాలుగో రోజు మధ్యాహ్నం ఎవరో తలుపు నెట్టారు. అమన్‌తాయ్. నావైపు ఒకసారి చూసి, పొగ గొట్టంవైపు చూసి, బయటికి వెళ్ళి బండిలోంచి తన సామాను తెచ్చుకున్నాడు. గంటసేపు మాట్లాడకుండా గొట్టం విప్పి, మసి దులిపి, పగిలిన చోట రేకు అతికాడు. నేను మంచం మీద కూర్చుని చూస్తూ ఉన్నాను.

"ఆవిడ పంపిందా?" అన్నాను చివరికి.

"ఎవరు? టీచరా? ఆవిడకి నేనిక్కడున్నట్టు తెలీదు." చేతులు గుడ్డకి తుడుచుకున్నాడు. "మీ ఆవిడ ఫోన్ చేసింది."

"రైహానా? నీ నంబరు ఎక్కడిది?"

"మీ జేబులో కాగితం ముక్క ఉందట కదా. ఆ నంబరుకి చేస్తే టీచర్ ఎత్తలేదు. ఫ్యాక్టరీలో అడిగితే, నేనూ ఆ గదికి వెళ్తానని తెలిసినవాళ్ళెవరో నా నంబరు ఇచ్చారట. 'నేను లోపలికి వెళ్ళను, మీరు వెళ్ళి చూడండి, బతికున్నాడో లేదో' అంది."

నేను లేచి తలుపు సందులోంచి ఇంటివైపు చూశాను.

"బతికే ఉన్నారని చెబుతాను," అన్నాడతను. "రేపు మంగళవారం."

"మళ్ళీ మొదట్నుంచా?"

"నాకు అలా పదకొండుసార్లు అయింది అన్నా. పన్నెండోది నడుస్తోంది."

మంగళవారం వెళ్ళాను. స్నానం చేశాను గానీ గడ్డం గీసుకోలేకపోయాను. నా వంతు వచ్చినప్పుడు లేవలేదు. కూర్చునే చెప్పాను.

"ఆ రోజు సలీమా గారు నా చేతిలోంచి మైకు తీసుకున్నారు కదా. ఆవిడ మాట్లాడుతున్నంతసేపూ నేను తల దించుకునే ఉన్నాను. సిగ్గుపడుతున్నానని అందరూ అనుకున్నారు. స్పీకరు పెట్టె మీద నా గ్లాసు ఉంది. సగం నిండా ఉంది. దారిలో ఎవరైనా తగిలి పడేస్తారేమోనని దాన్నే చూస్తున్నాను."

సోఫియా తన చేతులవైపు చూసుకుంటోంది. ఎవరూ నవ్వలేదు, ఎవరూ ఓదార్చలేదు. లిదియా టీచర్ తల ఊపి, "సోఫియా, నువ్వు చెప్పమ్మా," అంది.

ఆ శరదృతువులో మిగిలిన విందులన్నీ నేనే ఫోన్ చేసి వదులుకున్నాను. నవంబరులో బస్టాండులో పని దొరికింది. ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తోందో మైకులో చదివి చెప్పాలి. సర్కాన్ బస్సు, ఉష్‌తోబే బస్సు, అల్మాటీ బస్సు. నన్ను గుర్తుపట్టినవాళ్ళు నా గది అద్దం దగ్గరికి వచ్చి, "ఏం కెంజె, బస్సులకి పెళ్ళి చేస్తున్నావా?" అని వేళాకోళం చేసేవారు. చెయ్యనిచ్చాను. ఇంట్లో పెద్దగా ఏమీ మారలేదు. పరుపు పెరటి వంటింట్లోనే ఉంది. సూప్ గిన్నె మళ్ళీ రావడం మొదలైంది, తోగ్జాన్ ఒకటి రెండుసార్లు నేను తలుపు తీసేదాకా ఆగింది కూడా.

నెలకి ఒకసారి ఆ గదిలోకి ఇంటివాళ్ళని కూడా రానిస్తారు. రైహాన్‌కి చెప్పాను, రమ్మని అడగలేదు. నవంబరు చివరి శుక్రవారం తనంతట తనే వచ్చింది. కోటు విప్పలేదు, చేతిసంచి ఒళ్ళోంచి దించలేదు, తలుపు పక్క కుర్చీలో కూర్చుంది. అందరిదీ అయ్యాక లిదియా టీచర్, "మీరేమన్నా చెబుతారా?" అని అడిగింది.

"నాకేం లేదండీ," అంది రైహాన్. "మాట్లాడటం ఈయన పని."

ఎవరూ తొందర పెట్టలేదు.

"మా అమ్మ పోయినప్పుడు కూడా ఈయనే మాట్లాడారు," అంది. "మట్టి చేసి వచ్చాక ఇంటినిండా జనం. ఈయన లేచి మా అమ్మ గురించి చెప్పారు. చాలా బాగా చెప్పారు. అందరూ ఏడ్చారు, మీ ఆయన నోట్లో తేనె ఉందమ్మా అన్నారు నాతో. తాగి ఉన్నారని నాకొక్కదానికే తెలుసు. ఈయన పడిపోకుండా వెనకనుంచి చొక్కా పట్టుకుని నిలబడ్డాను. మా అమ్మ కోసం నేను ఏడవలేదు. చెయ్యి ఖాళీ లేదు."

అది ఏ సంవత్సరమో, ఆ రోజు నేను అంతగా ఏం తాగలేదని, మా బావగారు బలవంతం చేశారని చెప్పబోయి నోరు తెరిచాను. బల్ల కింద అమన్‌తాయ్ బూటు నా కాలు తొక్కింది. నోరు మూసుకున్నాను.

రైహాన్ ఆగలేదు. తోగ్జాన్ పుట్టిన రోజు గురించి చెప్పింది. తనకి పాటలంటే ఇష్టమని, ఇప్పుడు ఎక్కడన్నా పెళ్ళి పాట వినిపిస్తే కిటికీ మూసేస్తానని చెప్పింది. పక్కింటివాళ్ళకి చెప్పిన అబద్ధాలు, తన అత్తగారు, అంటే మా అమ్మకి చెప్పిన అబద్ధాలు ఒక్కొక్కటే చెప్పింది. గొంతు పెంచలేదు, ఏడవలేదు. కొన్ని నాకు తెలుసు, చాలా తెలియవు. "ఈ మనిషి మళ్ళీ ఇంట్లోకి రావాలని ఉందో లేదో నాకు తెలియదండీ," అంది, "తెలుసని చెబితే అదీ అబద్ధమే అవుతుంది." కాపలా ముసలాయన తాళాల గుత్తి పట్టుకుని వచ్చి, గుమ్మంలో కాసేపు నిలబడి, చప్పుడు చెయ్యకుండా వెనక్కి వెళ్ళిపోయాడు.

మేం బయటికి వచ్చేసరికి ఆ ఏటి మొదటి మంచు పడుతోంది. రైహాన్ కండువా తలకి చుట్టుకుంది. బస్టాపు దగ్గర ఆగుతుందనుకున్నాను, ఆగలేదు. నేను ఒక అడుగు వెనకగా నడిచాను.

"ఇంకా ఉంది," అంది ముందుకి చూస్తూనే. "అక్కడ వాళ్ళ ముందు చెప్పలేనిది."

"చెప్పు," అన్నాను.

చెప్పడం మొదలుపెట్టింది. వంతెన దాటాం, బజారు దాటాం, మా వీధిలోకి తిరిగాం. మా ఇంటి గేటు వచ్చింది. ఆమె మాటల్లో ఉండి చూసుకోలేదు, దాటి ముందుకి వెళ్ళిపోయింది. గేటు దాటేశామని నేను చెప్పలేదు. ఆమె వెనకే నడిచాను.